పాత పింగాణీని షోకేసులోంచి బయటికి తెస్తే ఎక్కడ పెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. పెద్దవాళ్ళ దగ్గర్నుంచి నీలం-తెలుపు ప్లేట్లు డజను దాకా వచ్చాయి. మూత పోయిన పెద్ద జాడీ ఒకటి, అంచు దగ్గర పెచ్చు ఊడిన కూజా ఒకటి, బంగారు అంచున్న కప్పులు-సాసర్ల సెట్టు ఒకటి ఉన్నాయి. షోకేసులో పెడితే దుకాణంలా ఉంది, బయట పెడితే ఎప్పుడు పగులుతాయోనని టెన్షన్, పైగా ఇంట్లో చిన్నపిల్లాడు. వీటితో ఇల్లు ఎలా అలంకరించాలి, పాడైనవాటిని దాచేయాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఇంటి నిండా తలా ఒకటి పెట్టకండి. ఒకటి రెండు చోట్లే గుంపుగా పెట్టండి, పెట్టినదాన్ని కదలకుండా బిగించండి, సెట్టుని విడగొట్టడానికి మొహమాటపడకండి. ప్లేట్లు గోడకి ఎక్కించండి. జాడీ నేల మీదే ఒక మూల ఉండనివ్వండి. కూజాని పెచ్చుతో సహా కనిపించేలా పెట్టండి. కప్పుల్లో రెండు మూడు బయటికి తీసి మిగతావి అల్మరాలోనే ఉంచండి.

నేను పాత పింగాణీ బాగుచేస్తాను, అడిగినవాళ్ళ ఇళ్ళల్లో అమరుస్తాను కూడా. బాగుకి వచ్చేవాటిలో వాడుతుంటే పగిలినవి తక్కువ. తలుపు తగిలే చోట పెట్టినవి, ఇరుకు అరలో ఒకదాని వెనకనుంచి ఇంకోటి లాగబోతే పడ్డవి, కొక్కేనికి వేలాడదీస్తే పిడి ఊడినవి, ఇలాంటివే ఎక్కువ. వస్తువు అందంగా కనిపించేదీ, పదికాలాలు బతికేదీ పెట్టిన చోటుని బట్టే. అందుకే ఏది పెట్టాలన్నదానికన్నా ఎక్కడ పెట్టాలన్నదే ముందు తేల్చుకోమంటాను.

గుంపు ఎందుకంటే

చిన్న పింగాణీ గిన్నె ఒక్కటే టీవీ పక్కన ఉంటే రిమోటు, తాళాలు, ఛార్జరు మధ్య అది కూడా సామానులో కలిసిపోతుంది. అవే నాలుగు గిన్నెలు ఒక అరలో పక్కపక్కన పెట్టి, ఆ అరలో ఇంకేమీ లేకుండా చేస్తే గదిలోకి వచ్చినవాళ్ళ చూపు అటే పోతుంది. కొత్తవేమీ కొనక్కర్లేదు, ఉన్నవాటి పక్కనుంచి వేరే సామాను తీసేస్తే చాలు.

గుంపుని దేనితో కలపాలన్నది మీ ఇష్టం. రంగుతో కలపొచ్చు, ఆకారంతో కలపొచ్చు, పైపూత మెరుపుతో కలపొచ్చు. దీనికి నాకు నచ్చే ఉదాహరణ ‘పీకాక్ రూమ్’. లండన్‌లో ఫ్రెడరిక్ లేలండ్ అనే ఓడల వ్యాపారి తన చైనా నీలం-తెలుపు పింగాణీ కోసం భోజనాల గదిలో ప్రత్యేకంగా అరలు కట్టించుకున్నాడు. 1876-77లో చిత్రకారుడు విస్లర్ ఆ గది గోడలన్నీ నీలి ఆకుపచ్చ, బంగారు రంగుల్లో ముంచేశాడు. 1904లో అమెరికన్ సేకర్త చార్లెస్ ఫ్రీర్ ఆ గదిని మొత్తంగా కొని డెట్రాయిట్‌లోని తన ఇంటికి తీసుకెళ్ళాడు. ఆయన అవే అరల్లో నీలం-తెలుపుకి బదులు ఇరాన్, సిరియా, చైనా, కొరియా, జపాన్‌ల నుంచి తెచ్చిన రకరకాల పైపూతల కుండలు పేర్చాడు. గది అదే, అరలు అవే, కానీ అది పూర్తిగా వేరే గది అయింది. ఇప్పుడది వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీలో ఉంది. నీలం-తెలుపు వరసగా పేరిస్తే గది చురుగ్గా, స్ఫుటంగా కనిపిస్తుంది. ఊదా, ముదురాకుపచ్చ, తేనె రంగు పూతలు కలిపి పేరిస్తే మెత్తగా, నెమ్మదిగా కనిపిస్తుంది. రెండూ ఒకే అరలో కలిపితే మాత్రం నీలం-తెలుపే గెలుస్తుంది, మిగతావి వెలవెలబోతాయి. మీ కూజా గోధుమరంగుదని రాశారు కాబట్టి దాన్ని ప్లేట్ల దగ్గర పెట్టకండి.

బెర్లిన్‌లోని షార్లొటెన్‌బర్గ్ రాజభవనంలో నేల నుంచి పైకప్పు దాకా పింగాణీ నింపి, వెనక అద్దాలు పెట్టిన గది ఒకటుంది. ఆ ఫొటోలు చూసి ‘మాకూ ఇలాగే’ అని అడిగేవాళ్ళున్నారు. వేల ముక్కలుంటేనే ఆ పద్ధతి నిలబడుతుంది. డజను ప్లేట్లకి అద్దం పెడితే ప్లేట్లకన్నా ఎదురుగా ఉన్న సోఫా ఎక్కువ కనిపిస్తుంది.

దానికన్నా గూళ్ళ పద్ధతి ఇళ్ళకి బాగా నప్పుతుంది. ఇరాన్‌లోని అర్దబీల్ దర్గాకి 1611లో ఆ దేశపు రాజు షా అబ్బాస్ వెయ్యికి పైగా చైనా పింగాణీ పాత్రలు సమర్పించి, వాటి కోసం ఒక గదిలో గోడల నిండా గూళ్ళు ఏర్పాటు చేయించాడు. గూట్లో ఉన్న వస్తువుకి మూడు పక్కలా గోడ కాపలా, చుట్టూ నీడ, ముందు నుంచి మాత్రమే వెలుతురు. పాత ఇళ్ళల్లో గూళ్ళుంటే అదృష్టం. లేకపోతే లోతు తక్కువున్న పుస్తకాల అల్మరాలో ఒక గడి ఖాళీ చేసి, వెనక చెక్కకి ముదురు రంగు వేస్తే చాలావరకు అదే పని జరుగుతుంది.

వెనక రంగు సంగతి తేలిగ్గా తీసుకోకండి. తెల్లగోడ మీద తెల్లప్లేటు అంచు కనిపించదు, మధ్యలో నీలిబొమ్మ ఒక్కటే గాల్లో వేలాడుతున్నట్టుంటుంది. బూడిద కలిసిన ఆకుపచ్చ, ముదురు నీలం, మట్టి ఎరుపు, వీటిలో ఏదైనా సరే. మొత్తం గోడకి వేయక్కర్లేదు, ప్లేట్లు వచ్చే మేరకు వేసి చూడండి.

ప్లేట్లు గోడకి ఎక్కించడం

బజార్లో రెండు రకాల తగిలింపులు దొరుకుతాయి. ఒకటి స్ప్రింగు తీగది: నాలుగు కొక్కేలు ప్లేటు అంచుని ముందు నుంచి పట్టుకుంటాయి. పాత ప్లేటుకి ఇది మంచిది కాదు. స్ప్రింగు ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది, ఆ బలమంతా అంచు మీద నాలుగు చుక్కల మీదే పడుతుంది. ఏళ్ళ తరబడి అలా వేలాడిన ప్లేటుని దించి అంచు దగ్గర భూతద్దంతో చూడండి. కొక్కెం కూర్చున్న చోట పైపూత ఆవగింజంత లేచిపోయి ఉంటుంది, పక్కనే తుప్పు గీత. అక్కడి నుంచి లోపలికి వెంట్రుకంత బీట మొదలై ఉంటే అది తీగ చలవే. ఆ తీగే వాడాల్సి వస్తే కొక్కేలకి మెత్తటి ప్లాస్టిక్ గొట్టం ముక్కలు తొడిగి, ప్లేటు సైజుకన్నా బిగుతుగా లేనిది ఎంచుకోండి.

రెండోది జిగురు బిళ్ళ. గుండ్రటి బట్ట బిళ్ళకి ఒకవైపు ఎండిన జిగురు, ఇంకోవైపు తగిలించే రింగు ఉంటాయి. జిగురు వైపు నీళ్ళతో తడిపి, వేలికి అంటుకునేంత బంకగా అయ్యాక, శుభ్రంగా తుడిచిన ప్లేటు వెనక నొక్కి పెట్టాలి. ఒక రోజంతా బోర్లా ఆరనివ్వాలి. ఆరాక మెత్తటి దుప్పటి మీద రింగు పట్టుకుని ప్లేటుని గట్టిగా లాగి చూడండి, గోడ మీద పరీక్షించకండి. ఎప్పుడైనా తీసేయాలంటే గోరువెచ్చటి నీళ్ళలో నానబెడితే ఊడి వస్తుంది. ముందు నుంచి ఏమీ కనిపించదు, అంచుకి ఏమీ తగలదు, నేను ఎక్కువగా వాడేది ఇదే. అయితే వెనకవైపు పూత లేని మట్టి ప్లేట్లకీ, పూత నిండా నెర్రెలున్నవాటికీ, వెనక బంగారు పని ఉన్నవాటికీ, అతికించినవాటికీ ఇది వద్దు. అలాంటివి అరలో స్టాండు మీదే ఉండాలి.

అమరిక గోడ మీద కాకుండా నేల మీద మొదలుపెట్టండి. ప్లేట్లన్నీ దుప్పటి మీద పరచి, అటూఇటూ జరిపి, నచ్చాక ఒక్కో ప్లేటు చుట్టూ గీసి పాత కాగితం మీద కత్తిరించండి. ఆ కాగితాలు టేపుతో గోడకి అంటించి రెండు మూడు రోజులు చూడండి. అన్నిటికన్నా పెద్దదాన్ని సరిగ్గా మధ్యలో పెడితే గడియారంలా ఉంటుంది, కాస్త పక్కకి, కాస్త కిందికి దింపండి. ప్లేటుకీ ప్లేటుకీ మధ్య ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు చాలు, అంతకన్నా ఎడమైతే గుంపు విడిపోతుంది. మొత్తం గుంపు మధ్యభాగం నేల నుంచి 145-150 సెంటీమీటర్ల ఎత్తున వస్తే నిలబడినవాళ్ళ కంటికి సరిగ్గా ఉంటుంది. మంచం తలవైపు మాత్రం ప్లేట్లు వద్దే వద్దు, ఎంత గట్టి మేకైనా సరే.

పిల్లాడున్న ఇంట్లో

మ్యూజియాల్లో వాడే మైనం ఒకటుంది, బయట కూడా అమ్ముతారు. బఠాణీ గింజంత తీసి వేళ్ళతో నలిపి, పాత్ర అడుగున మూడు చోట్ల పెట్టి, అరకి కొద్దిగా తిప్పుతూ నొక్కితే కూర్చుంటుంది. చెయ్యి తగిలినా, అర అదిరినా జరగదు. తీయాలంటే మళ్ళీ తిప్పుతూ లేపాలి, నిటారుగా పీకకూడదు. పూత లేని అడుగు మైనాన్ని పీల్చి మచ్చ పడుతుంది కాబట్టి అలాంటివాటికి కింద పలచటి నెట్టు లేదా ఫెల్టు గుడ్డ వేసి చుట్టూ ఆనుకుని ఉండేలా పెట్టండి.

పొడవాటి కూజాలకి ఇంకో ఉపాయం: జిప్పు కవరులో శుభ్రమైన పొడి ఇసుక నింపి లోపల మూడోవంతు దాకా దింపండి. బరువు కిందికి చేరి తొందరగా ఒరగదు. మీ జాడీ విషయంలో కూడా ఇదే చేయండి. బల్ల మీద కన్నా నేల మీద ఉండటమే మేలు, అక్కడి నుంచి పడటానికి చోటు లేదు. నడిచే దారికి దూరంగా, తలుపు రెక్క తిరిగే మేరకి బయట, రెండు గోడలు కలిసే మూల చూసుకోండి. జాడీకి మూత లేదని బెంగ వద్దు. పొడవాటి ఎండు కొమ్మలు రెండు మూడు పెడితే లోటు కనిపించదు. ఏదో ఒక చెక్కమూత చేయించి బిగించడం కన్నా మూతి తెరిచి ఉంచడమే నాకు నచ్చుతుంది.

నిజం పూలు పెట్టాలనుకుంటే లోపల గాజు గ్లాసో ప్లాస్టిక్ డబ్బానో పెట్టి నీళ్ళు అందులో పోయండి. తక్కువ వేడిలో కాల్చిన మట్టి పాత్రలు నీళ్ళు పీలుస్తాయి. పూతలో సన్నటి నెర్రెలుంటే నీళ్ళు అందులోంచి లోపలికి దిగి గోధుమరంగు మరకలు తేలతాయి. కింద చెక్కబల్ల మీద కూడా గుండ్రటి తెల్లమచ్చ పడుతుంది.

కొందరు ఇలాంటి జాడీని దీపం స్టాండు చేయిద్దామని అడుగున రంధ్రం వేయిస్తారు. దయచేసి వద్దు. డ్రిల్లు పడ్డాక అది మళ్ళీ పాత జాడీ కాదు, విలువా పడిపోతుంది, డ్రిల్లు పడుతుండగానే చీలినవి నా దగ్గరికి వచ్చాయి. మూతి మీద టోపీలా కూర్చుని, వైరు హోల్డరు పక్కనుంచి దిగే దీపాలున్నాయి. వాటిలో వేడి తక్కువగా ఉండే ఎల్‌ఈడీ బల్బు పెట్టుకోండి.

పగిలినవాటి సంగతి

ముందు ఏది ఎంత బాగుందో తెలుసుకోండి. పాత్రని అరచేతిలో నిలబెట్టి అంచు మీద గోటితో మెల్లగా మీటండి. గట్టి పింగాణీ బాగుంటే ఖంగుమని కాసేపు మోగుతుంది, ఎక్కడో బీట ఉంటే బొంగురుగా ఆగిపోతుంది. మట్టి పాత్రలు బాగున్నా పెద్దగా మోగవు కాబట్టి వాటికి ఈ పరీక్ష చెల్లదు. ప్లేటుని వెలుతురుకి అడ్డంగా పట్టుకుని వెనక వేళ్ళు కదిపితే నీడ కనిపిస్తే అది పింగాణీ అనుకోవచ్చు. చీకటి గదిలో అతినీలలోహిత (యూవీ) టార్చి వేస్తే పాత మరమ్మతు మీద వేసిన రంగు చాలాసార్లు చుట్టుపక్కల కన్నా వేరుగా వెలుగుతుంది.

ఇది అలంకరణకి ఎందుకంటే, కాల్చిన రంగులకి ఎండతో భయం లేదు, నీలం-తెలుపు ప్లేటు కిటికీ పక్కన ఎన్నేళ్ళున్నా వెలిసిపోదు. మరమ్మతు మీద వేసిన రంగు మాత్రం ఎండకి పసుపెక్కుతుంది, పాత జిగురు వేడికి పట్టు వదులుతుంది. అందుకే అతికించినవి ఎండ తగలని చోట, కాల్చిన మెరుపు చెక్కుచెదరనివి కిటికీ దగ్గర. వెలుతురు పక్కనుంచి పడితే పూత మీద అలలూ, కుంచె గీతలూ లేచి కనిపిస్తాయి. నెత్తి మీద నుంచి సూటిగా పడే లైటు అన్నిటినీ ఒకేలా చదును చేసేస్తుంది.

మీ కూజా పెచ్చు ఏమీ చేయకండి. అంచు దగ్గర చిన్న పెచ్చు వయసుతో వచ్చేదే. దాన్ని గోడవైపు తిప్పి దాచక్కర్లేదు కూడా. పాత పాత్రల్లో కొన్నిటికి బీటకి అటూఇటూ చిన్న రంధ్రాలు తొలిచి లోహపు కుట్లు వేసి ఉంటాయి. మంచి జిగురులు రాకముందు పగిలిన పింగాణీని అలాగే కలిపేవాళ్ళు. అలాంటివి దొరికితే ఆ కుట్లు పీకించకండి, నేనైతే ఆ వైపే ముందుకి తిప్పి పెడతాను. పగిలిన చోట బంగారు గీతలు కనిపించేలా అతికించే జపాన్ కిన్‌త్సుగి పద్ధతి చూసి చాలామంది బంగారు పొడి కిట్లు కొంటున్నారు. అసలు కిన్‌త్సుగి చెట్టు నుంచి తీసిన లక్కతో చేసేది, ఒక్కో పొర ఆరడానికి రోజులు పట్టి మొత్తం వారాలకి తేలుతుంది. కిట్లలో ఎక్కువగా వచ్చేది ఎపాక్సీ జిగురూ మెరుపు పొడీ. కొత్త కప్పు పగిలితే సరదాగా వాడుకోండి. పాతదాని మీద వేస్తే తర్వాత సరిగ్గా అతికించాలన్నా ఆ ఎపాక్సీ వదలదు.

కప్పుల సెట్టు

పిడి పట్టుకుని కొక్కేలకి వేలాడదీయకండి. పిడిని విడిగా చేసి, కాల్చకముందు మెత్తటి మట్టితో కప్పుకి అతికిస్తారు, అన్నిటికన్నా బలహీనమైన చోటు అదే. ఎత్తేటప్పుడు కూడా రెండు చేతులతో ఒళ్ళు పట్టుకోండి. ఒకదాని మీద ఒకటి పేర్చాలంటే సాసర్ల మధ్య ఫెల్టో మెత్తటి కాగితమో వేయండి, ఎందుకంటే పై సాసరు అడుగున పూత లేని గరుకు వలయం కింది సాసరు బంగారు గీతని గీకేస్తుంది. రెండు కప్పులు, ఒక పాలకుండ, ఒక సాసరు స్టాండు మీద నిలబెట్టి, చిన్న పళ్ళెంలో పెడితే సైడు టేబులుకి సరిపోతుంది. కొన్నాళ్ళకి లోపలివి బయటికి, బయటివి లోపలికి మార్చుకోవచ్చు.

వాటిలో తాగొచ్చా అని మీరు అడగలేదు కానీ అడుగుతారని తెలుసు. పాత పూతల్లోనూ, పై రంగుల్లోనూ సీసం ఉండటం మామూలే, ఎరుపు-పసుపు రంగుల్లో కాడ్మియం కూడా ఉండొచ్చు. పులుపూ వేడీ తగిలితే అవి వదులుతాయి. అమెరికాలో తయారైన ‘ఫియెస్టా’ పాత్రల ఎరుపు రంగులో 1936 నుంచి 1943 దాకా యురేనియం ఆక్సైడ్ వాడారు, ఇప్పటికీ అవి అరల్లో అందంగా కూర్చుంటాయి, అక్కడే ఉండాలి. పాత కప్పులు చూడటానికి ఉంచుకోండి. బంగారు అంచువి మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలే.

దుమ్ము, కడగడం

గుడ్డతో తుడవకండి, లేచిన పూలరేకుకో పిడికో పోగు తగులుకుంటుంది. మెత్తటి బొమ్మల కుంచె చాలు. కడగాల్సి వస్తే సింకులో కాకుండా ప్లాస్టిక్ టబ్బులో, అడుగున తువ్వాలు పరచి, గోరువెచ్చటి నీళ్ళలో ఒక్కొక్కటే కడగండి. కుళాయి పక్కకి తిప్పుకోండి. డిష్‌వాషరు వద్దు. అతికించినవి, పూత లేనివి అసలు నానబెట్టకండి. గోధుమ మరకలు పోవడానికి బ్లీచింగ్ వేయమని ఇంటర్నెట్‌లో చాలాచోట్ల ఉంది. క్లోరిన్ బ్లీచ్ నెర్రెల్లోంచి లోపలికి దిగి, ఎండాక ఉప్పుగా గడ్డకట్టి, పైపూతని లోపలి నుంచి పొరలు పొరలుగా లేపేస్తుంది. మరకతో బతకడం నయం.

చివరగా, అడుగున ముద్ర చూసి ఎన్నేళ్ళదో చెప్పమన్నారు. ముద్ర ఒక్కటే చూసి వయసు చెప్పడం ప్రమాదం. చైనా పాత్రల మీద పాత చక్రవర్తుల కాలపు ముద్రలు తర్వాతి కాలంలో గౌరవంగా వేసేవాళ్ళు, జర్మనీ మైసెన్ కార్ఖానా నీలి కత్తుల గుర్తుని కాపీ కొట్టినవాళ్ళకి లెక్కే లేదు. ఒక ఆధారం మాత్రం ఉంది. 1891 నుంచి అమెరికా దిగుమతి సరుకు మీద దేశం పేరు తప్పనిసరి చేసింది, కాబట్టి ‘ఇంగ్లాండ్’ అనో ‘నిప్పాన్’ అనో రాసి ఉంటే చాలావరకు ఆ తర్వాతిదే. జపాన్ సరుకు మీద ‘నిప్పాన్’ పేరు 1921 తర్వాత అమెరికా ఒప్పుకోలేదు, అప్పట్నుంచి ‘జపాన్’ అని వేశారు. అడుగు వలయం అరిగి, మట్టి రంగు మారి, గీతలు అడ్డదిడ్డంగా ఉంటే వయసుకి అది ఇంకో సాక్ష్యం. కొత్తగా గరుకు కాగితంతో రుద్దితే గీతలన్నీ ఒకే దిక్కుకి ఉంటాయి.

గోడ ఇటుకదా, జిప్సం బోర్డా అన్నది రాయలేదు. బోర్డు అయితే మామూలు మేకు వద్దు, బోర్డు వెనక విచ్చుకునే యాంకరు వేయించి, ప్లేటు బరువుకి రెట్టింపు తట్టుకుంటుందో లేదో ఇసుక సంచి వేలాడదీసి చూశాకే ప్లేటు ఎక్కించండి.